భేరుండం కాలి కడియం

"పక్షిని అడ్డం పెట్టుకుని బతికే పిరికిపందలు మీరు. కొలువు ఇవ్వం అని నోటితో చెప్పే దమ్ము లేదు. కత్తి పట్టి వాకిట్లోంచి గెంటే దమ్మూ లేదు. ఆ పాపమంతా నోరులేని భేరుండం నెత్తిన రుద్ది, మీరు మాత్రం గంధం పూసుకుని కూర్చున్నారు."

భానుదుర్గం కోట కొలువు వాకిట్లో, నిండు సభ ఎదుట, తొలకరి ఈ మాట అంది. అప్పటికి ఆమె ఒడిలో అన్న జల్లన్న తల ఉంది. భేరుండం ముక్కు తగిలి అతని భుజం దానిమ్మకాయలా విచ్చుకుపోయింది. నెత్తురు ఆమె చీరకుచ్చెళ్ళు దాటి రాతిపలకల మీదకి పాకుతోంది. వైద్యుడు రాలేదు. రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు.

మెట్ల మీద కూర్చున్న దళనాయకుడు మార్తాండుడు మీసం దువ్వుకున్నాడు. అతనికి ఈ మాటలు కొత్త కాదు. జవాబూ కొత్తది కాదు.

"పక్షికి మతం ఏముంటుందే పిల్లా? అది సూర్యుణ్ణి కొలుస్తుందా, వానని కొలుస్తుందా? మనిషిలో సత్తా చూస్తుంది. నచ్చితే తల వంచుతుంది, నచ్చకపోతే పొడుస్తుంది. మీ వానోళ్ళలో సత్తా లేకపోతే నేనేం చెయ్యను?"

చుట్టూ నవ్వులు.

ఆ నవ్వు వెనక సంగతి చెప్పాలి. భానుదుర్గం మేఘాల్ని చీల్చుకుని నిలబడ్డ రాజ్యం. ఒక పక్క తామ్రగిరి శిఖరాలు పొద్దు పొడుపున కరిగిన రాగిలా మెరుస్తాయి. ఇంకో పక్క పాతాళలోయ, అందులో రాయి విసిరితే చప్పుడు పైకి రాదు. ఆ కొండల మధ్య మనిషి నడిచే తాళ్ళవంతెనలు తప్ప దారి లేదు, దూరానికీ బరువుకీ ఆకాశమే దారి. ఏనుగంత ఒళ్ళు, పసిడి ఈకలు, పల్లకీ బోయీల్ని నిలువునా కప్పేసే రెక్కలు ఉన్న భేరుండ పక్షులే ఆ రాజ్యానికి గుర్రాలు, పడవలు, సైన్యం. వాటి మీద స్వారీ చేసే కొలువు దొరికితే ఆ ఇంటికి మాన్యం, మర్యాద, రాజసభలో చోటు. దొరకని ఇంటికి పక్షుల పెంట ఎత్తే పని.

సూర్యవ్రతులు స్వారీ చేస్తారు. మేఘవ్రతులు పెంట ఎత్తుతారు. తాతల నాటి నుంచీ ఇంతే. చట్టంలో మాత్రం ఎక్కడా అలా లేదు సుమండీ. చట్టం బంగారంలాంటిది. ఎవరైనా రావచ్చు, భేరుండం ముందు నిలబడవచ్చు, అది తల వంచితే కొలువు. అలా ఒక్క మేఘవ్రతికీ అది తల వంచలేదు. తూకంరాయి వాళ్ళే చెక్కి, తక్కువ తూగావని మనల్నే తిట్టే న్యాయం అది.

ఆ పూట మహారాజు ప్రతాపభాను ఇంకో మాట కూడా చాటించాడు. ఇన్ని తరాలుగా పక్షి ఒప్పుకోలేదంటే మేఘవ్రతులకి ఆ యోగ్యత లేనట్టే. ఈసారి కూడా ఒక్కరైనా నెగ్గకపోతే, పొద్దు వాలగానే కొలువు వాకిలి వాళ్ళకి శాశ్వతంగా మూత. మేఘవ్రతుల్లో ఇక మిగిలింది తొలకరి ఒక్కతే.

"నీ వంతు చివర్న ఉంది," అన్నాడు మార్తాండుడు. "ముందు మిగిలిన మావాళ్ళు నిలబడతారు, ఆఖర్న మా మేనల్లుడు ఉదయుడు. ఆ తర్వాత నువ్వు. భయమేస్తే ఇంటికి పో, ఎవరూ ఏమనుకోరు."

తొలకరి అన్నని మేనత్త కొడుకుల భుజాలకెత్తింది. అతను పళ్ళబిగువున గొణిగాడు.

"అది నన్ను చూసి పొడవలేదే, తొలకరీ."

"నేనూ చూశాను అన్నా. నువ్వు దగ్గరికి వెళ్ళగానే ఎడమకాలు ఎత్తింది. నిప్పు తొక్కినదానిలా ఎత్తింది. ఆ తర్వాతే పొడిచింది."

అది కోపం కాదు, నొప్పి. తొలకరి చిన్నప్పటి నుంచి లోయ మీద తాళ్ళవంతెనలు కట్టే ఇంటి పిల్ల. మేకపిల్ల కాలికి ముల్లు గుచ్చుకున్నా, మనిషి కాలు బెణికినా నడక చూసి చెప్పేస్తుంది. పక్షి కాలికి ఏముందో చూడాలి. ఉదయుడి వంతు వచ్చేలోపే చూడాలి.

పక్షులశాల కోటకి ఈశాన్యాన, లోయ అంచున ఉన్న రాతిబురుజు. దాని తలుపుల దగ్గర సూర్యవ్రతుల కాపలా. కానీ ఎంత గొప్ప శాలకైనా వెనకాల పెంటతూము ఒకటి ఉండక తప్పదు, దానికి కాపలా ఉండదు. తూము కింద పడ్డ పెంట ఎత్తే ముసురయ్య మేఘవ్రతుల ముసలాయన, వాళ్ళని శాల లోపలికి రానివ్వరు. ఊళ్ళో ఏ చావుకి వెళ్ళినా అక్కడి వాళ్ళని నవ్వించి వచ్చే రకం. వయసులో తానూ ఆ వాకిట్లో నిలబడ్డవాడే. మెడ పక్కన పక్షి పొడిచిన గుంట ఇప్పటికీ ఉంది.

"ఈ తూములోంచి పైకెక్కుతావా అమ్మాయ్?" అన్నాడు ముసురయ్య. "మన జాతి పెద్దకొలువులోకి వెళ్ళే రాజమార్గం ఇదొక్కటే మరి. ముక్కు మూసుకో."

"పార ఇవ్వు బాబాయ్."

"దేనికి?"

"చేతిలో ఏదో ఒకటి ఉండాలి."

పెంట గీకే ఇనపపార నడుముకి దోపుకుని తొలకరి తూములోకి దూరింది. జారుతూ, మోచేతులు చెక్కుకుపోతూ, పాకుతూ, చివరికి శాల నేల మీదకి తల ఎత్తింది.

ఎత్తైన కప్పులోంచి ఎండ పట్టీలు పట్టీలుగా దిగుతోంది. ఆ ఎండలో వరసగా పసిడికొండల్లా భేరుండాలు కూర్చున్నాయి. రెక్క కదిలితే శాలంతా గాలి. కన్ను తెరిస్తే అందులో దీపం వెలిగించినట్టు కెంపు రంగు. వాటి మధ్య, నల్లటి జడలు నేల మీద ఈడ్చుకుంటూ, రాజగురువు ధూమకేశుడు తిరుగుతున్నాడు. వశీకరణ విద్యలో ఆరితేరిన మాంత్రికుడు. అతని జడల్లోంచి ఎప్పుడూ సన్నటి పొగ వస్తుంటుంది.

ధూమకేశుడు ఒక పడుచు పక్షి కాలి దగ్గర వంగాడు. ఎర్రరాయి పొదిగిన కడియాన్ని దాని ఎడమకాలికి తొడిగి, ఏదో మంత్రం గొణిగి, మొలలోంచి చిన్న గుడ్డపేలిక తీశాడు. దాన్ని పక్షి ముందు ఆడించాడు.

ఆ పేలిక వాసన తొలకరి దాకా వచ్చింది. వట్టివేరు నూనె వాసన. తొలివాన పడ్డ మన్ను వాసన. మేఘవ్రతులు పొద్దున్న లేవగానే వానతల్లిని తలుచుకుని మాడుకి పెట్టుకునే నూనె అది. వాన కడిగితేనే పోవాలి గాని మనిషి చేత్తో కడగకూడదని వాళ్ళ వ్రతం.

పేలిక దగ్గరికి రాగానే కడియంలో రాయి నిప్పులా రగిలింది. పక్షి అరిచింది. కాలెత్తి, ముందున్నదాన్ని పొడిచింది. ధూమకేశుడు పేలిక వెనక్కి లాగేశాడు. రాయి చల్లారింది. మళ్ళీ ముందుకి ఆడించాడు.

తొలకరికి మొత్తం తెలిసిపోయింది. పక్షికి మతం లేదు. మతం కడియానికి ఉంది. దాన్ని తొడిగిన చేతికి ఉంది. ఇన్ని తరాలుగా తమవాళ్ళు సత్తా చాలక ఓడామని ఇళ్ళల్లో మొహాలు దాచుకున్నారే, తల్లులు పిల్లల్ని తిట్టుకున్నారే, అదంతా ఈ ఎర్రరాయి పని.

ఆమె చప్పుడు చెయ్యలేదు గాని ఆమె వాసన మెల్లిగా శాలలోకి పాకింది. మాడు మీద నూనె ఉంది. ఒకటి తర్వాత ఒకటి, శాలలో ఉన్న కడియాలన్నీ ఎర్రబడ్డాయి. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

"ఎవర్రా అక్కడ?" ధూమకేశుడు వెనక్కి తిరిగాడు. జడలు విదిలించాడు. ప్రతి జడా పొగపాము అయ్యింది, పడగ విప్పింది, బుసలు కొడుతూ నేల మీద పాకింది.

తొలకరి వెనక్కి దూకింది. ఒక పాము మడమకి చుట్టుకుంది, చుట్టుకున్నచోట చర్మం కమిలింది. ఆమె పారతో దాని నడుం తెంపింది. పొగ తెగింది, మళ్ళీ అతుక్కుంది. ఇక లాభం లేదని తూములోకి కాళ్ళు ముందుగా దూకేసింది. గిర్రున జారి పెంటకుప్పలో నడుం దాకా కూరుకుపోయింది. పాములు తూము అంచు దాకా వచ్చాయి. వాసన పట్టి వేటాడే పాములు అవి. పెంటకంపులో వాటికి వట్టివేరు జాడ దొరకలేదు. కాసేపు పడగలాడించి వెనక్కి పోయాయి.

"చూశావా," అన్నాడు ముసురయ్య ఆమె చెయ్యి పట్టి బయటికి లాగుతూ. "మన పెంట మనల్ని కాపాడింది. రాజుగారు మనకిచ్చిన ఏకైక మాన్యం."

తొలకరి నవ్వలేదు. చూసినదంతా చెప్పింది. ముసురయ్య నవ్వూ ఆగిపోయింది. చెయ్యి మెడ పక్క గుంట మీదకి దానంతట అదే వెళ్ళింది.

ఆ చెయ్యి దించి అన్నాడు, "అయితే తలంటుకో. వెళ్ళి కాలవలో మాడు రుద్దుకుని రా. నూనె లేకపోతే రాయి రగలదు. పక్షి తల వంచుతుంది. నీకు కొలువు, మనకి వాకిలి రెండూ దక్కుతాయి. వానతల్లి ఏమీ అనుకోదులే, నేను చెప్పుకుంటాను."

"అలా తలంటుకుని వెళ్ళినవాళ్ళు లేరా బాబాయ్?"

"ఉన్నారు. సూర్యవ్రతుల్లో కలిసిపోయి పేరు మార్చుకున్నారు. పండక్కి మనింటి వైపు రావడం మానుకున్నారు."

"వాళ్ళకి కొలువు దొరికింది. మనకేం దొరికింది?"

ముసురయ్య కాలికి అంటిన పెంట దులుపుకున్నాడు.

"నేను తలంటుకుని గెలిస్తే రేపు మార్తాండుడు ఏమంటాడు? చూశారా, పక్షికి మతం లేదు, ఆ పిల్లకి సత్తా ఉంది కాబట్టి ఎక్కింది, మీకు లేదు కాబట్టి ఎక్కలేదు అంటాడు. నా గెలుపుతోనే మిగతావాళ్ళ నోరు నొక్కేస్తాడు. కడియం అలాగే ఉంటుంది. నాకు ఆ కొలువు వద్దు. కడియం సభలో బయటపడాలి."

"ఎలా బయటపెడతావ్? నువ్వు చెబితే నమ్ముతారా?"

"నేను చెప్పను. పక్షి చేత చెప్పిస్తాను."

సూర్యవ్రతుల ఆచారం ఒకటి ఉంది. వాకిట్లోకి దిగే ముందు కుర్రాడు సూర్యుడి వైపు తలెత్తి, కళ్ళార్పకుండా నిలబడాలి. పసుపు ముసుగు వేసుకున్న గంధపు కన్య ఒకతె వచ్చి అతని నుదుటికి గంధం పూస్తుంది. ఆమె మొహం చూడకూడదు. చూస్తే వ్రతభంగం. ఇంత గట్టి కోటలో, ఇంత కాపలా మధ్యలో, ఒక ఆడమనిషి ఎవరో ఏమిటో ఎవరూ చూడకూడని చోటు అదొక్కటే.

తొలకరి కాలవలో ఒళ్ళు కడుక్కుంది. మాడు మాత్రం తడపలేదు. గంధపు కన్యలు ముసుగులు ఆరేసుకునే చోట ఒకటి ఎత్తుకుని ఒళ్ళంతా కప్పుకుంది. నడుం దగ్గర ఇనపపార. గిన్నెలో గంధం. మేఘవ్రతులు ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకునే నూనెకొమ్ము మూత తీసి, ఆ గంధంలోకి వంచింది.

"కుర్రాడు చస్తే?" అన్నాడు ముసురయ్య.

"చావనివ్వను."

వాకిట్లో బాకాలు మోగాయి. ఉదయుడు వచ్చాడు. తెల్లటి పట్టు, బంగారు నడికట్టు, నిన్నా మొన్నా మొలిచిన మీసం. చెడ్డవాడు కాడు పాపం. తనకి రాసిపెట్టి ఉన్నది తీసుకోవడానికి వచ్చాడు, అంతే. ఎవరు రాసిపెట్టారో ఎప్పుడూ అడగలేదు. సూర్యుడి వైపు తలెత్తి నిలబడ్డాడు. ముసుగుమనిషి వచ్చి నుదుటికి, మెడకి, చేతులకి దట్టంగా గంధం పూసింది.

"ఇవాళ గంధం కొత్తగా వాసనేస్తోంది," అన్నాడు కళ్ళు దించకుండా.

"తొలివాన వాసన బాబూ. కంగారు పడకు. పక్షి పట్టుకుంటే పెనుగులాడకు."

అతనికి అర్థమయ్యేలోపు బాకాలు రెండోసారి మోగాయి. అతను నడిచాడు.

గొలుసులు తీసిన భేరుండం రెక్కలు ముడుచుకుని నిలబడి ఉంది. వజ్రతుండం దాని పేరు. పొద్దుటి నుంచి ఎందరో సూర్యవ్రతులకి ఒద్దికగా తల వంచింది. ఉదయుడు దగ్గరయ్యాడు. కడియం రాయి ఎర్రబడింది. పక్షి ఎడమకాలు ఎత్తింది.

"అదేమిటి?" అన్నాడు మహారాజు సింహాసనంలోంచి ముందుకి వంగి.

మార్తాండుడి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

వజ్రతుండం అరిచిన అరుపుకి బురుజుల మీద కాకులు లేచిపోయాయి. ముక్కుతో ఉదయుణ్ణి నడికట్టు దగ్గర పట్టి, ఎలుకని విదిలించినట్టు విదిలించి, రెక్క విప్పింది. దుమ్ము సుడి తిరిగింది. ఛత్రాలు ఎగిరిపోయాయి. పక్షి నేల వదిలింది. ఆ క్షణాన పసుపు ముసుగు ఒకటి గాలిలో తేలింది. దాని కిందనుంచి తొలకరి పరుగెత్తి, పైకి లేస్తున్న ఎడమకాలిని రెండు చేతులా వాటేసుకుంది.

కింద భానుదుర్గం అరచేతిలో బొమ్మరిల్లంత అయ్యింది. తర్వాత అదీ పోయి పాతాళలోయ నోరు తెరిచింది. నల్లటి లోతు, అందులో తెల్లటి మంచు కుండలో పాలలా మరుగుతోంది. గాలి చెవుల్ని కోస్తోంది. తొలకరి మాడు మీద నూనె, ఉదయుడి ఒంటి మీద నూనె. కడియం ఇప్పుడు కొలిమిలో ఇనుములా ఉంది. దాని సెగకి ఆమె చెంప కాలుతోంది. పక్షి కాలు ఝాడిస్తోంది, ఝాడించినప్పుడల్లా ఆమె లోయ మీద గాలిపటంలా ఊగుతోంది.

"వదిలేస్తుంది, నన్ను వదిలేస్తుంది," ఉదయుడు పైనుంచి ఏడుస్తున్నాడు.

"నడికట్టు గట్టిది, నోరు మూసుకుని ఉండు."

ఒక చెయ్యి పక్షి కాలికి చుట్టి, రెండో చేత్తో పార లాగింది. కడియం కింద, చర్మానికి దానికి మధ్య, పార అంచు దూర్చింది. అక్కడ ఈకలు లేవు. కాలీ కాలీ గట్టిపడ్డ మచ్చ మీద మచ్చ.

"ఎన్నాళ్ళ నుంచి కాలుస్తున్నారే నిన్ను," అంది పళ్ళ మధ్య నుంచి. "ఇద్దరికీ ఒకటే దెబ్బ, ఓర్చుకో."

మోకాలు ఆనించి, ఒంటి బరువంతా పార మీద వేసింది. కడియం కదల్లేదు. అరచేయి బొబ్బలెక్కింది. మళ్ళీ వేసింది. తాళ్ళవంతెనలు బిగించే చేతులవి, ముడి విడకపోతే విడిచిపెట్టే అలవాటు లేదు. మూడోసారి ఊపుకి రాయి పటుక్కున చిట్లింది. కడియం విడి, నిప్పురవ్వలు రాల్చుకుంటూ జారింది. దాన్ని ఆమె కిందికి పోనివ్వలేదు. పార అంచుకి తగిలించి లాక్కుంది. రుజువు లోయలో పడితే మళ్ళీ మాటకి మాటే మిగులుతుంది.

భేరుండం ఒక్కసారి మెత్తబడింది. రెక్కలు చాచి గాలిలో తేలింది. ఉదయుణ్ణి ముక్కులోంచి నెమ్మదిగా తన వీపు మీదకి వేసుకుంది. ఆ తర్వాత మెడ తిప్పి, కాలికి వేలాడుతున్న మనిషిని, మాడు మీద వట్టివేరు ఘుమఘుమలాడుతున్న మనిషిని, దగ్గరగా వాసన చూసింది. పొడవలేదు. మెడ వంచింది. తొలకరి ఆ మెడ పట్టుకుని ఎగబాకి కూర్చుంది.

వజ్రతుండం వాకిట్లో దిగేసరికి సభ లేచి నిలబడి ఉంది. మేఘవ్రతి ఒకతె భేరుండం మెడ మీద కూర్చుని రావడం ఆ కోట రాళ్ళు కూడా చూసి ఎరగవు. తొలకరి ముందు ఉదయుణ్ణి దించింది. ఆ తర్వాత, ఇంకా పొగలు కక్కుతున్న కడియాన్ని రాజు పాదాల ముందుకి విసిరింది. పక్షి మెడ మీదినుంచే వంగి, నూనెకొమ్ములో మిగిలిన నాలుగు చుక్కలూ దాని మీదకి జల్లింది. చిట్లిన రాయి కళ్ళ ముందే మళ్ళీ ఎర్రబడింది.

"ఇదీ మీ సత్తా పరీక్ష, మహారాజా."

ప్రతాపభాను కడియం వంక చూశాడు. మార్తాండుడి వంక చూశాడు. మార్తాండుడు నేల వంక చూశాడు.

"నాకు చెప్పలేదు మావయ్యా," అన్నాడు ఉదయుడు. "ఈ పూట పక్షి తల వంచింది మా సత్తాకి కాదన్నమాట."

"ధూమకేశుడు ఎక్కడ?" అన్నాడు రాజు.

జవాబు బురుజు వైపు నుంచి వచ్చింది. పక్షులశాల తలుపులు దడాలున మూసుకున్నాయి. లోపలి నుంచి గడియలు పడ్డ చప్పుడు. కప్పు కిటికీల్లోంచి నల్లటి పొగ లేచింది. ఆ వెంటనే లోపలున్న భేరుండాలన్నీ ఒకేసారి అరిచాయి. పక్షుల్ని, కడియాల్ని కలిపి తగలబెట్టి తాను పొగలో జారుకుంటే అడిగేవాడు ఉండడని మాంత్రికుడి లెక్క.

రాజు కదల్లేదు. ధూమకేశుడు అతనికి గురువు. విలుకాళ్ళు బాణాలు సంధించి, ఎవరి మీద వెయ్యాలో తెలియక నిలబడ్డారు. సగం బాణాలు తొలకరి వైపే ఉన్నాయి.

"నువ్వు నెగ్గావమ్మాయీ," అన్నాడు రాజు చివరికి, గొంతు తగ్గించి. "కొలువు నీదే. మాన్యం రాయిస్తాను. నీ అన్నకి వైద్యం చేయిస్తాను. మీవాళ్ళకి వాకిలి మూయను. మిగతాది నెమ్మదిగా విచారిద్దాం. గురువుగారి సంగతి నలుగురిలో వద్దు."

గుంపు వెనక నుంచి ముసురయ్య దగ్గాడు. "అరటిపండు చేతిలో పెట్టి తోటంతా రాయించుకోవడం అంటే ఇదేనర్రా."

తొలకరి దిగలేదు. వజ్రతుండం మెడ మీదే నిటారుగా కూర్చుంది. కాలిన అరచేతిని చీరచెంగుకి చుట్టుకుంది.

"నేను ఒక్కదాన్ని కొలువు అడగడానికి రాలేదు మహారాజా. మా అన్నకి వైద్యం, నాకు మాన్యం ఇచ్చి మిగతావాళ్ళ నెత్తిన తలుపు వెయ్యాలని చూడకండి. నెమ్మదిగా అన్నారు. మా తాతలు నెమ్మదిగానే ఉన్నారు, ఒంటి నిండా గుంటలు మిగిలాయి. పక్షులు ఇప్పుడు కాలిపోతున్నాయి, ఇప్పుడే చెయ్యండి. ఆ శాల తలుపులు పగలగొట్టించండి. ఆ మాంత్రికుణ్ణి సభలోకి ఈడ్పించండి. కమ్మరిని పిలిచి, మిగిలిన ప్రతి పక్షి కాలి కడియాన్నీ మా అందరి ఎదుట కోయించండి. ఈ వాకిట్లోంచి నెత్తురోడుతూ వెళ్ళినవాళ్ళ ఇంటింటికీ చాటింపు వేయించి, అందర్నీ మళ్ళీ పిలవండి. ఈ పూట పక్షి తల వంచిందని కొలువు పొందినవాళ్ళు కూడా మళ్ళీ నిలబడాలి. నుదుటి గంధం ఉండనివ్వండి, మాడు మీద నూనె ఉండనివ్వండి, ఏ దేవుణ్ణి కొలుస్తావని మాత్రం ఎవరూ ఎవరినీ అడగకూడదు. పరీక్ష పెట్టేవాళ్ళలో మావాళ్ళూ కూర్చోవాలి. ఇవన్నీ అయ్యాకే నా కొలువు మాట."

ఆమె వంగి వజ్రతుండం మెడ తట్టింది. పక్షి రెక్కలు సగం విప్పి, పొగలు కక్కుతున్న బురుజు వైపు తిరిగింది.

"ముందు తలుపులు పగలగొట్టమని చెప్పండి మహారాజా. మీ నోటితో, అందరికీ వినబడేలా."